నాన్నకు చేరని ఉత్తరం

ఎప్పుడో చిన్నప్పుడు తిన్న దెబ్బలు, పడ్డ మాటలు. పెద్దయితే అవే మర్చిపోతార్లే అనుకుంటాం. కానీ ఉద్యోగం, పెళ్లి, పిల్లలు... అన్నీ అయ్యాక కూడా నాన్న గొంతు కాస్త పెరిగితే చాలు, గుండె మళ్లీ ఎనిమిదేళ్ల పిల్లాడి గుండెలా కొట్టుకునేవాళ్లు ఎందరో. కన్నవాళ్లు చేసిన గాయంతో పెద్దవాళ్లు రాజీపడటం ఎలా? వందేళ్ల కిందట ఒక కొడుకు తండ్రికి రాసిన ఉత్తరం ఆ సంగతే చెబుతుంది.

రాత్రివేళ. మంచమ్మీద పడుకున్న పిల్లాడు మంచినీళ్లు కావాలంటూ ఏడుపు లంకించుకున్నాడు. దాహమేసి కాదు. కొంత పెద్దవాళ్లను విసిగించాలని, కొంత తనకే తోచక. నాన్న గదిమాడు, బెదిరించాడు. పిల్లాడు ఆపలేదు. దాంతో మంచమ్మీంచి ఎత్తుకుపోయి, ఇంటి వెనక వరండాలో ఒంటిమీదున్న చొక్కాతోనే నిలబెట్టి, లోపలినుంచి తలుపేసేశాడు.

కాసేపే. ఆ తర్వాత పిల్లాడు బుద్ధిమంతుడైపోయాడు. ‘చూశావా, ఎలా దారికొచ్చాడో’ అనుకుని నాన్న ఆ రాత్రి హాయిగా నిద్రపోయే ఉంటాడు. మన ఇళ్లలో ఇలాంటివి ఎన్ని జరగలేదు! వీధిగుమ్మం బయట నిలబెట్టడం, చీకటి గదిలో పెట్టి గొళ్లెం వేయడం, గోడకుర్చీ వేయించడం... పండక్కి అందరూ కలిసినప్పుడు వాటిని చెప్పుకొని నవ్వుకోవడం కూడా మామూలే.

ఈ పిల్లాడు మాత్రం నవ్వలేకపోయాడు. పెద్దయ్యాక కూడా ఆ రాత్రి అతణ్ని వదల్లేదు. మంచినీళ్లు అడగడానికీ, బయటికి గెంటేయడానికీ సంబంధమేమిటో ఆ పసిమనసుకు అందలేదు. కొండంత మనిషి, ఇంట్లో ఆఖరి తీర్పు చెప్పే మనిషి, ఏ కారణమూ లేకుండా ఏ అర్ధరాత్రయినా వచ్చి తనను మంచమ్మీంచి లాక్కుపోవచ్చు. అంటే ఆయన దృష్టిలో తను ఏమీ కాదన్నమాట! ఆ ఒక్క ఆలోచనా ఏళ్ల తరబడి వేధించిందని రాసుకున్నాడు.

ఆ పిల్లాడి పేరు ఫ్రాంజ్ కాఫ్కా.

1883లో ప్రాగ్ నగరంలో పుట్టాడు. న్యాయశాస్త్రంలో డాక్టరేట్ చేశాడు. ప్రమాదాల్లో గాయపడ్డ కార్మికులకు బీమా ఇచ్చే సంస్థలో ఉద్యోగం. రాత్రుళ్లు కథలు రాసేవాడు. ఓ ఉద్యోగి పొద్దున్నే లేచేసరికి పెద్ద పురుగైపోయి ఉంటాడే... 1915లో అచ్చయిన ఆ ‘మెటమార్ఫసిస్’ కథ ఆయనదే. అందులో పురుగైపోయిన కొడుకు మీదికి ఆపిల్‌పండ్లు విసిరేది కన్నతండ్రే. వాటిలో ఒకటి వీపులో దిగబడి అక్కడే కుళ్లిపోతుంది. ఆ కథ ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

ఉత్తరం రాసింది 1919 నవంబరులో. అప్పటికి ఆయనకు 36 ఏళ్లు. కారణం చాలా చిన్నది. ‘నేనంటే భయమని ఎందుకంటావు?’ అని తండ్రి హెర్మన్ అంతకుముందు ఎప్పుడో అడిగాడు. కొడుక్కి ఎప్పట్లాగే నోరు పెగల్లేదు. కాగితం మీదైతే చెప్పగలనేమో అని మొదలుపెట్టాడు. అది వంద పేజీలు దాటింది.

కొట్టకుండానే కొట్టడం

ఆ ఉత్తరంలో ఓ విచిత్రం ఉంది. తండ్రి తనను నిజంగా కొట్టిన సందర్భాలు దాదాపు లేవని కొడుకే ఒప్పుకుంటాడు. మరి ఏం చేశాడట? అరిచేవాడు. మొహం జేవురించేది. ప్యాంటుకు వేసుకునే పట్టీలు గబగబా విప్పి, అందుబాటులో ఉండేలా కుర్చీ వెనక వేలాడదీసేవాడు. అంతే! ఉరికంబం దాకా నడిపించి, తాడు కళ్లముందు ఊగుతుండగా ‘సర్లే, వదిలేశాం పో’ అంటే మనిషి ఏమవుతాడు? ఉరి తీస్తే ఆ క్షణంతో సరి. ఇది జీవితాంతం ఉంటుందని పోలిక చెప్పాడు కాఫ్కా. పైగా దెబ్బ తప్పిన ప్రతిసారీ ‘నాన్న దయవల్ల తప్పింది, తినాల్సిన దెబ్బే’ అన్న తప్పుభావం ఒకటి.

‘చేపను చీల్చినట్టు చీల్చేస్తా’ అన్నది హెర్మన్‌గారి ఊతపదం. మన నాన్నల ‘తోలు తీస్తా’కు అచ్చం తోబుట్టువు. అన్నంత పని ఎవరూ చేయరని పెద్దలకు తెలుసు. పిల్లలకు తెలీదు.

భోజనాల బల్ల దగ్గర ముచ్చట్లు మరీ బాగుంటాయి. ఎముకలు పళ్లతో కొరకకూడదు... నాన్న కొరకొచ్చు. వెనిగర్ జుర్రకూడదు... నాన్న జుర్రొచ్చు. రొట్టెను తిన్నగా కోయాలి... నాన్న మాత్రం పులుసు కారుతున్న కత్తితోనే కోసేవాడు. మెతుకు కింద పడకూడదు. తీరా అందరూ లేచాక చూస్తే ఎక్కువ మెతుకులు నాన్న కుర్చీ కిందే! చదువుతుంటే నవ్వొస్తుంది. కానీ ఆ పిల్లాడు అందులోంచి నేర్చుకున్నది నవ్వే విషయం కాదు. ప్రపంచంలో చట్టాలన్నీ తన ఒక్కడి కోసమే పుట్టాయని, వాటిని తను ఎప్పటికీ సరిగ్గా పాటించలేడని, చట్టం చేసినవాడికి మాత్రం అవి వర్తించవని.

‘ఎదురు చెప్పకు’ అని చెయ్యెత్తి అనేవాడు తండ్రి. చివరికి కొడుక్కి మాటే తడబడటం మొదలైంది. నాన్న ముందు నత్తి. తర్వాత మౌనం. తన పుస్తకం అచ్చయి ఇంటికొస్తే, పేకాటలో మునిగున్న నాన్న తలెత్తకుండా అనే మాట ‘మంచం పక్కన బల్లమీద పెట్టు’. జర్మన్ సాహిత్యంలో నిలిచిపోయిన పుస్తకాలకు ఇంట్లో దక్కిన సన్మానం అది!

నాన్నకూ ఓ బాల్యం ఉంది

హెర్మన్ కాఫ్కా రాక్షసుడా? కాదు. దక్షిణ బొహీమియాలో ఓ పల్లెటూరి కసాయి కొడుకు. ఇల్లంతా ఒకటే గది. చిన్నతనంలోనే, చలికాలం పొద్దున్నే, మాంసం బండి తోసుకుంటూ ఊరూరూ తిరిగాడు. సరైన బట్టల్లేక కాళ్లు పుళ్లుపడేవి. సైన్యంలో పనిచేశాడు. ప్రాగ్ వచ్చి చెమటోడ్చి దుకాణం పెట్టాడు. పిల్లలకు ఏ లోటూ చేయలేదు. వాళ్లను చదివించాడు. ఆ సంగతి రోజూ గుర్తుచేశాడు కూడా. ‘మీకేం తెలుసు కష్టమంటే! ఏడేళ్లప్పుడే నేను బండి తోశాను’ అని.

‘మా రోజుల్లో చెప్పుల్లేకుండా ఐదు మైళ్లు నడిచి బడికెళ్లాం’ అనే మాట వినకుండా పెరిగిన తెలుగువాళ్లు ఎంతమంది? ఆ మాటలో అబద్ధం లేదు. చిక్కల్లా, ఆ కష్టం పడనందుకు పిల్లలు జన్మంతా దోషుల్లా నిలబడాల్సి రావడమే. తండ్రి కష్టం నిజం. కొడుకు భయమూ నిజమే. ఒకటి నిజం కాబట్టి రెండోది అబద్ధం అయిపోదు. ఈ చిన్న విషయం దగ్గరే చాలామంది పెద్దవాళ్లు ఏళ్లకేళ్లు ఆగిపోతారు. ‘పాపం, ఆయన మాత్రం ఏం సుఖపడ్డాడు’ అనుకోగానే తమ బాధకు మాట్లాడే హక్కు పోయినట్టు నోరు నొక్కేసుకుంటారు.

మరి అమ్మ? కాఫ్కా తల్లి జూలీ మెత్తటి మనిషి. పిల్లలకూ తండ్రికీ మధ్య రాయబారం నడిపేది. దొంగచాటుగా ముద్దు చేసేది, అడిగింది ఇచ్చేది. ఆమెను తలచుకుంటూ కొడుకు వాడిన పోలిక మాత్రం గుండెల్లో దిగుతుంది. వేటలో డప్పులు కొట్టి జంతువును వేటగాడి వైపు తరిమేవాళ్లు ఉంటారే, తెలియకుండానే అమ్మ ఆ పని చేసిందట! ఇంటినుంచి పారిపోవాల్సిన పిల్లాణ్ని ఓదార్చి, మళ్లీ నాన్న ముందుకే చేర్చిందని. ‘నాన్నగారికి కోపమే కానీ మనసు వెన్నరా’ అని తల నిమిరిన మన అమ్మలెవరికీ ఈ పోలిక రుచించకపోవచ్చు.

తెరమీది నవ్వు వెనక...

అరుపులూ బెదిరింపులే ఓ మనిషిని ఇంతగా నలిపేస్తే, అంతకు మించినవి జరిగితే?

‘కలియుగ పాండవులు’తో 1986లో తెలుగుతెరకు పరిచయమైన ఖుష్బూ గుర్తుందిగా. నిండుగా నవ్వే ఆ మొహం వెనక ఏముందో ఆమె 2023 మార్చిలో బయటపెట్టారు. జాతీయ మహిళా కమిషన్ సభ్యురాలిగా నియమితులై అప్పటికి కొద్దిరోజులే. కన్నతండ్రే తనను లైంగికంగా వేధించాడని, తనకు ఎనిమిదేళ్లున్నప్పుడు అది మొదలైందని ఆమె చెప్పారు. భార్యాబిడ్డల్ని కొట్టడం తన జన్మహక్కు అనుకునే మనిషట. ఎదురుతిరగడానికి తనకు పదిహేనేళ్లు వచ్చేదాకా ధైర్యం చాల్లేదు. చెబితే అమ్మ నమ్మదేమోనన్న భయం ఒకటి. భర్తే దేవుడనుకునే ఇల్లాలు మరి! ఎదిరించాక, పదహారేళ్లు నిండకముందే ఆయన వాళ్లను వదిలేసి వెళ్లిపోయాడు. తర్వాత పూట ఎలా గడుస్తుందో తెలియని పరిస్థితి.

ఆ మాటలు అంతమంది ముందు చెప్పేనాటికి ఆమెకు 52 ఏళ్లు. ‘ఇప్పుడెందుకు చెప్పడం?’ అన్నవాళ్లూ లేకపోలేదు. జరిగినదానికి తాను సిగ్గుపడటం లేదని, సిగ్గుపడాల్సింది ఆ పని చేసినవాడేనని ఆమె తేల్చేశారు. అదే నెలలో, అప్పుడు ఢిల్లీ మహిళా కమిషన్ అధ్యక్షురాలిగా ఉన్న స్వాతి మాలీవాల్ కూడా తన తండ్రి గురించి ఇలాంటి సంగతే చెప్పారు. ఆయన ఇంటికొస్తున్నాడంటే మంచం కింద దాక్కునేదాన్నని, జడ పట్టుకుని తల గోడకేసి కొట్టేవాడని గుర్తుచేసుకున్నారు.

సిగ్గు ఎవరిదన్న ఆ ఒక్క ప్రశ్నే ఈ వ్యవహారమంతటికీ కీలకం. పసివాళ్లకు కన్నవాళ్లను చెడ్డవాళ్లనుకునే వీలుండదు. అన్నం పెట్టేదీ వాళ్లే, పడుకోబెట్టేదీ వాళ్లే కాబట్టి. నాన్న చెడ్డవాడనుకోవడం కంటే ‘నేనే చెడ్డపిల్లను’ అనుకోవడం పిల్లలకు తేలిక. ఆ లెక్క పెద్దయ్యాక కూడా అలాగే ఉండిపోతుంది. దాన్ని తిరగరాసుకోవడానికి కొందరికి నలభై ఏళ్లు పడుతుంది.

ఇదేదో ఒకరిద్దరి కథ కూడా కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12 వేలకు పైగా పిల్లలను అడిగి 2007లో ఒక అధ్యయనం ప్రచురించింది. అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఒంటిమీద దెబ్బలు పడ్డవాళ్లే. 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నట్టు చెప్పారు. ఇక కుటుంబంలో దెబ్బలు తిన్న పిల్లల్లో 88.6 శాతం మందిని కొట్టింది అమ్మానాన్నలే. దండం దశగుణం భవేత్ అన్న మాట ఇంట్లోనూ బాగానే నడిచిందన్నమాట.

ఒంట్లో మిగిలే లెక్క

‘ఎప్పుడో అయిపోయిందిగా, ఇంకా దాన్నే పట్టుకుని వేలాడటమెందుకు?’ అనడం సులువు. ఒళ్లు ఆ మాట వినదు. అమెరికాలోని శాన్‌డియాగోలో విన్సెంట్ ఫెలిటి అనే డాక్టరు స్థూలకాయం తగ్గించే చికిత్స చేసేవారు. చక్కగా బరువు తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసి వెళ్లిపోతుండటం ఆయనకు అంతుబట్టలేదు. ఆరా తీస్తే, వాళ్లలో చాలామంది బాల్యంలో లైంగిక వేధింపులకు గురైనవాళ్లని తేలింది. కొందరికి ఆ లావే రక్షణ కవచం! ఆ తర్వాత రాబర్ట్ ఆండాతో కలిసి 17 వేలమందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగారు. 1998లో తొలి ఫలితాలు వచ్చాయి. హింస, వేధింపులు, ఇంట్లో తాగుడు, అమ్మను కొట్టడం లాంటి అనుభవాల్లో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రకాలు చవిచూసినవాళ్లకు మద్యానికి బానిసవడం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం లాంటి ముప్పులు అవేవీ ఎదురవనివాళ్లకంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. గుండెజబ్బుల వంటివీ పెరిగాయి.

అలాగని నుదుటిరాత అనుకోనక్కర్లేదు. దెబ్బలు తిన్నవాళ్లంతా తమ పిల్లల్ని కొడతారన్నదీ నిజం కాదు. తనకు జరిగింది తప్పని ఒప్పుకున్నవాళ్లు చాలామంది ఆ చెయ్యి పైకి లేవకముందే దించేసుకుంటారు. ‘మా నాన్న కొట్టబట్టే ఇంతవాణ్నయ్యా’ అని గర్వంగా చెప్పుకునేవాళ్ల విషయంలోనే కాస్త భయపడాలి.

క్షమించాలా?

ఇక్కడ మన ఇళ్లలో ఓ పెద్ద ముడి పడుతుంది. మాతృదేవోభవ, పితృదేవోభవ అని నేర్చుకున్నవాళ్లం. ‘ఎంతైనా కన్నతండ్రి’ అన్న మాటతో చర్చ ముగిసిపోతుంది.

కానీ మన తొలి తెలుగు టాకీ ఏమిటో గుర్తు తెచ్చుకోండి. 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’. కన్నకొడుకును పాములతో కరిపించి, ఏనుగులతో తొక్కించి, కొండమీంచి తోయించిన తండ్రి కథ! తరతరాలుగా ఆ కథను భక్తి కథగానే విన్నాం, చూశాం. అందులో ఒక హింసించే తండ్రి, బెదరని కొడుకు ఉన్న సంగతి పెద్దగా పట్టించుకోలేదు. భాగవతంలో చివర ప్రహ్లాదుడు నరసింహస్వామిని కోరుకునే వరం ఏమిటి? తన తండ్రి పాపం పోవాలని. క్షమకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉండదని పెద్దలు చెబుతారు. నిజమే. అయితే వరుస చూడాలి. ఆ క్షమ స్తంభం బద్దలయ్యాకే వచ్చింది. అంతకుముందు ఒక్కసారి కూడా ప్రహ్లాదుడు ‘నాన్న చేసేది సరైనదే’ అనలేదు. ఆయన మాటకు తలూపనూ లేదు. తప్పును తప్పనడం ముందు, మన్నింపు తర్వాత. మన ఇళ్లలో మొదటిది దాటేసి ఏకంగా రెండోది చేసేయమంటారు. అందుకే అది మింగుడుపడదు.

ఇంకో చిక్కు. కొట్టిన చేతులు ఇప్పుడు వణుకుతుంటాయి. అప్పటి బెత్తం స్థానంలో ఊతకర్ర ఉంటుంది. కన్నవాళ్లను పోషించడం చట్టప్రకారం కూడా పిల్లల బాధ్యతే. 2007లో దానికోసమే ప్రత్యేకంగా చట్టం వచ్చింది. మందులు కొనివ్వచ్చు, ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చు. అంతమాత్రాన చిన్ననాటి మాటలన్నీ మర్చిపోయినట్టు నటించాలని ఏ చట్టమూ చెప్పలేదు. తాతయ్య దగ్గర మనవణ్ని ఒంటరిగా వదలకపోవడం, గొంతు పెరిగిన రోజున లేచి ఇంటికి వచ్చేయడం, ఫోను రెండు నిమిషాల్లో ముగించడం... వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. జరిగింది లైంగిక నేరమైతే అసలు ఆ గడపే తొక్కకపోవడం కూడా తప్పు కాదు. 2012 నవంబరు 14న అమల్లోకొచ్చిన పోక్సో చట్టం, రక్తసంబంధీకులే నేరం చేస్తే దాన్ని మరింత తీవ్రంగా చూస్తుంది. ఇవాళ ఏ ఇంట్లోనైనా ఓ పసిబిడ్డ అలాంటి నరకంలో ఉంటే 1098కి ఫోన్ చేయొచ్చు. పెద్దవాళ్లు తమ మనసు విప్పుకోవడానికి ‘టెలీ మానస్’ 14416 ఉంది. 2022లో మొదలైంది, తెలుగులోనూ మాట్లాడతారు.

‘నాన్న ఒక్కసారి తప్పయిందంటే చాలు’ అని ఎదురుచూసేవాళ్లే ఎక్కువ. ఆ మాట చాలామందికి దొరకదు. ‘నేనెప్పుడు కొట్టాను?’ అనే జవాబే వస్తుంది. కొట్టినవాడికి అది ఓ మామూలు సాయంత్రం. గుర్తుండదు. కొందరి విషయంలో ఆ మాట చెప్పాల్సిన మనిషే ఉండరు, గోడమీద దండ వేసిన ఫొటో తప్ప. అందుకే మానసిక చికిత్సలో ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, అందులో ఆ మనిషి ఉన్నట్టే మాట్లాడమనే పద్ధతి ఉంది. ఉత్తరం రాయమంటారు, పోస్టు చేయక్కర్లేదంటారు. ఇదేదో కాలక్షేపం కాదు. అమెరికాలో జేమ్స్ పెన్నిబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ పిల్లలను వరుసగా నాలుగు రోజులు, రోజూ 15 నిమిషాలు, తమ జీవితంలోని చేదు అనుభవాన్ని రాయమన్నారు. రాసిన రోజుల్లో వాళ్లు మరింత బాధపడ్డారు. కానీ జరిగిందీ, తమకు అనిపించిందీ రెండూ రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది.

గడప దగ్గర నాన్న

మళ్లీ కాఫ్కా ఉత్తరానికొస్తే, అది ఉత్త ఫిర్యాదు కాదు. ఒకసారి కొడుక్కి జబ్బు చేసింది. చెల్లెలు ఓట్లా గదిలో పడుకున్నాడు. తండ్రి చప్పుడు చేయకుండా వచ్చి గడప దగ్గరే ఆగిపోయాడు. మంచమ్మీదున్న కొడుకును చూడటానికి మెడ ఒక్కటి చాచాడు. నిద్ర చెడగొట్టకూడదని నోటితో పలకరించలేదు, చెయ్యి ఊపాడు. అంతే. ఆ వేళ సంతోషం పట్టలేక ఏడ్చానని, అది రాస్తుంటే ఇప్పుడూ ఏడుపొస్తోందని రాశాడు కాఫ్కా. వరండా రాత్రి, ఈ గడప రెండూ ఒకే ఉత్తరంలో ఉన్నాయి. ఒకదాని కోసం రెండోదాన్ని ఆయన కొట్టేయలేదు.

చివరికొచ్చేసరికి ఇంకో పని చేశాడు. ఈ ఉత్తరం చదివితే నాన్న ఏమంటాడో ఊహించి, ఆ వాదన కూడా తనే రాశాడు. అందులో తండ్రి కొడుకును బాగానే ఉతికి ఆరేస్తాడు! ఇద్దరి మాటా విన్నాక, బతకడమూ చావడమూ ఇద్దరికీ కాస్త తేలికవుతుందేమోనన్న ఆశతో ముగించాడు.

స్నేహితుడు మాక్స్ బ్రాడ్ చెప్పినదాని ప్రకారం, కాఫ్కా ఆ కాగితాలు తల్లి చేతికిచ్చి నాన్నకు ఇవ్వమన్నాడు. ఆమె ఇవ్వలేదు. ఏదో సర్దిచెప్పి తిరిగి కొడుక్కే ఇచ్చేసింది. క్షయతో 1924 జూన్ 3న కాఫ్కా చనిపోయాడు. నలభై ఏళ్లు. తండ్రి మరో ఏడేళ్లు బతికాడు. ఉత్తరం పూర్తిగా అచ్చయింది 1952లో. అప్పటికి అది చదవాల్సిన ఇంటి మనుషులు ఎవరూ మిగల్లేదు. ముగ్గురు చెల్లెళ్లూ నాజీల చేతుల్లో బలైపోయారు.

ప్రాగ్‌లోని కొత్త యూదు శ్మశానవాటికలో ఇప్పటికీ ఆ సమాధి దగ్గరికి జనం వస్తుంటారు. కొడుకు, తండ్రి, తల్లి... ముగ్గురిదీ ఒకే సమాధి, ఒకే రాయి. ముందు పోయింది కొడుకు కాబట్టి ఆయన పేరు పైన ఉంది. దాని కింద నాన్న పేరు.